బోనులో భోజనం

అచ్చన్నపేట కోర్టు హాల్లో సూదిని కింద పడేసింది వైజయంతి కాదు. ఆవిడ సూదుల పొట్లం కొనుక్కొచ్చింది, అంతే. పడేసే అధికారం పాఠ్య మండలి కార్యదర్శి త్రివిక్రమరావు గారిది. పడిందని ధ్రువీకరించే అధికారం న్యాయ సలహాదారు చిదంబరం గారిది. వినే బాధ్యత మాత్రం వైజయంతికి అప్పగించారు.

ప్రభుత్వ జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పుకునే మనిషికి కోర్టులో సూదుల చప్పుడు వినాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, దానికి కారణం ‘పెద్దింటి దావా’ అనే నవల. ఇంటర్ రెండో ఏడాది పిల్లలకు అది ఉపవాచకం. తండ్రి పోయాక ఇద్దరు అన్నదమ్ములు ఇంటి కోసం కోర్టుకెక్కుతారు. ఇద్దరూ తమ తరఫు సాక్షిగా ఒక్కగానొక్క అక్కనే పిలుస్తారు. ఆవిడ బోనెక్కి పడిన అవస్థే కథంతా. రాసినాయన పోయి చాలా కాలమైంది. తరవాత జరిగినవేవీ చూడకుండా తప్పించుకున్నాడు, అదృష్టవంతుడు.

అంతకు ముందు ఏడాది పరీక్షలో ‘కోర్టు ఆవరణ సంతలా ఉంది - ఇందులోని అలంకారమేది?’ అని ఒంటి మార్కు ప్రశ్న ఇచ్చారు. ఒక కుర్రాడు ‘అలంకారం లేదు, నిజంగానే అలా ఉంటుంది’ అని రాశాడు. మార్కు వేయలేదు. వాళ్ళ నాన్న వకీలు. ఆయన ఒక సోమవారం పొద్దున కోర్టు బయట నిలబడి వేరుశనక్కాయల బండినీ, చిలకజోస్యం వాణ్ణీ, గొడుగు కింద నోటరీనీ ఫొటోలు తీసి, అవి జతచేసి ఉన్నత పాఠ్య మండలి మీద కేసు వేశాడు. ఫొటోలు చూశాక మండలి తరఫున వాదించడానికి ఎవరికీ నోరు రాలేదు. కుర్రాడికి మార్కు వచ్చింది.

మండలి ఉలిక్కిపడింది. చిదంబరం గారు ఫైలు మీద ఇలా రాశారు: "ఉపమానము అనగా ఒక వస్తువు మరొక వస్తువు వలె ఉన్నదని చేయు ఆరోపణ. ఆధారము లేని ఆరోపణ చట్టము ముందు నిలువదు." త్రివిక్రమరావు గారు దాని కింద "చాలా బాగున్నది" అని రాసి సంతకం పెట్టారు. వారం తిరక్కుండా కాలేజీలన్నిటికీ ఉత్తర్వు వచ్చిపడింది.

"ఇందుమూలముగా సమస్త తెలుగు అధ్యాపకులకు తెలియజేయునది ఏమనగా, ఉపవాచకమునందలి ప్రతి ఉపమానమును క్షేత్రస్థాయిలో పరిశీలించి, పంచనామా నిర్వహించి, నిజమని తేలిన పిమ్మటనే బోధించవలెను."

పంచనామా అంటే దొంగతనమో హత్యో జరిగినచోట నలుగురు నిలబడి, చూసింది చూసినట్టు రాసి, కింద సంతకాలు పెట్టే కాగితం. దాన్ని ఉపమానాలకు వాడొచ్చని ఇన్ని శతాబ్దాల తెలుగు సాహిత్యంలో ఎవరికీ తట్టలేదు. త్రివిక్రమరావు గారికి తట్టింది. ఆయనకు పంచనామా అంటే మహా ఇష్టం. సంతకం పెట్టేముందు కలం మూత తీసి, ఒక్క క్షణం గాల్లో ఆపి, చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తున్నారని రూఢి చేసుకుని మరీ పెట్టేవారు.

పరిశీలన సంఘానికి సభ్య కన్వీనర్‌గా ఎవరుంటారని సమావేశంలో అడిగినప్పుడు వైజయంతి చెయ్యెత్తింది. ఫ్యాను వేయమని అడగడానికి ఎత్తింది. మినిట్స్‌లో మాత్రం "స్వచ్ఛందంగా ముందుకు వచ్చినారు" అని ఎక్కింది. సభ్య కన్వీనర్ అంటే పనంతా చేసే మనిషి అని ఆవిడకు సాయంత్రానికి అర్థమైంది.

మొదటి పరిశీలనే సూది. నవలలో అక్క బోనెక్కినప్పుడు "హాల్లో సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం" అని ఉంది. భోజన విరామంలో అనుమతి తీసుకుని ముగ్గురూ లోపలికి వెళ్ళారు. త్రివిక్రమరావు గారు సూదిని తలెత్తు దాకా లేపి వదిలారు.

"వినిపించిందామ్మా?"

"లేదండి."

"మళ్ళీ వదులుతున్నాను. శ్రద్ధగా వినాలి."

"శ్రద్ధగానే వింటున్నానండి. ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది."

ఇంకొంచెం లావు సూది వేశారు. గోనెసంచులు కుట్టే దబ్బనం వేశారు. వినిపించలేదు. త్రివిక్రమరావు గారు గంభీరంగా చిదంబరం గారి వైపు తిరిగారు. "ఏమంటారు? నిశ్శబ్దం తక్కువైందని రాద్దామా?"

చిదంబరం గారు కంగారుగా చెయ్యి అడ్డం పెట్టారు. "వద్దండీ. న్యాయస్థానంలో నిశ్శబ్దం తక్కువని రాస్తే ధిక్కారం కిందికి వస్తుంది. లోపం సూదిలో ఉన్నట్టు రాయడం క్షేమం."

లోపం సూదిలో ఉందని తేలాక, ఏది పడితే వినిపిస్తుందో తేల్చడం సంఘం విధి అయింది. చెంచా వేశారు, తాళాల గుత్తి వేశారు. చివరికి తోటమాలి దగ్గర గునపం తెచ్చి వేశారు. ఛాంబర్‌లోంచి బంట్రోతు, బయటనుంచి ఇద్దరు కానిస్టేబుళ్ళు పరిగెత్తుకొచ్చారు. వాళ్ళ చేతే పంచనామా మీద సంతకాలు పెట్టించారు. ఆ మర్నాడు వైజయంతి క్లాసులో సవరించిన పాఠం చెప్పింది: "హాల్లో గునపం పడితే వినిపించేంత నిశ్శబ్దం."

పిల్లలు నవ్వలేదు. రాసుకున్నారు. అది చూసి ఆవిడకు నిజంగా భయం వేసింది.

"పెద్దన్న గుండె రాయి చేసుకున్నాడు" అన్న వాక్యం భూగర్భ శాఖకు వెళ్ళింది. రాయి నల్లదో ఎర్రదో, తవ్వకానికి అనుమతి ఉందో లేదో తెలపనిదే అభిప్రాయం చెప్పలేమని జవాబొచ్చింది. "వకీలు పులిలా లేచాడు" అన్న వాక్యం కోసం జంతు ప్రదర్శనశాలకు వెళ్ళి, పులి బోను ముందు కుర్చీలు వేయించుకుని కూర్చున్నారు. అది పొద్దుటి మాంసం తిని పడుకుంది. సాయంత్రం దాకా లేవలేదు. దాంతో "వకీలు పులి వలె లేచిన పక్షమున, లేవలేదని భావించవలసి యున్నది" అని నివేదిక తయారైంది. వకీలు లేవలేదు కాబట్టి వాదించలేదు. వాదించలేదు కాబట్టి ఏడో అధ్యాయం జరగలేదు. పుస్తకంలో ఆ పేజీలు అంటించేయమని ఉత్తర్వు వచ్చింది, కాలేజీకి ఒక డబ్బా జిగురు కూడా వచ్చింది.

ఉపమానాల సంగతి ఇలా ఉండగా, నవల మొత్తానికి ప్రధానాంశం ఏమిటన్న ప్రశ్న లేచింది. నలుగురు విద్యార్థులు నాలుగు రకాలుగా రాస్తే మళ్ళీ నాలుగు కేసులొస్తాయి కదా అని, మండలి అన్ని శాఖలనూ పిలిచి సమావేశం పెట్టింది. ‘సరిహద్దు రాళ్ళు సకాలంలో పాతించుకోవాలి’ అన్నదే నవల సారాంశమని సర్వే శాఖ వారు పట్టుబట్టారు. అన్నదమ్ములకు రక్తపోటు ఉన్నట్టు స్పష్టంగా తెలుస్తోందని ఆరోగ్య శాఖ వారన్నారు. జీడిపప్పు పళ్ళేలు రెండుసార్లు తిరిగాక ఒక రాజీ కుదిరింది. అధికారిక ప్రధానాంశాన్ని త్రివిక్రమరావు గారు లేచి నిలబడి చదివారు.

"న్యాయస్థానపు వాయిదాలకు సకాలంలో హాజరగుటయే పౌరుని పరమ ధర్మము."

వైజయంతి ఉండబట్టలేకపోయింది. "సర్, ఈ నవలలో వాయిదాకి ఎవరూ ఆలస్యంగా రాలేదండి."

"అందుకే కదామ్మా అది ఆదర్శ నవల" అన్నారాయన, జాలిగా.

ఆవిడ ఇంటికొచ్చి, ముఖం కడుక్కుని, పుస్తకం చివరి అధ్యాయం తెరిచి మళ్ళీ చదువుకుంది. అక్క బోనులో నిలబడి ఇద్దరు తమ్ముళ్ళ ముఖాలూ చూసే చోటు. ఎన్నేళ్ళు చెప్పినా అక్కడికొచ్చేసరికి పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని చదువుతుంది ఆవిడ. ఈ మనుషులు దీన్ని కూడా కొలబద్ద పెట్టి కొలుస్తారు కాబోలని ఒళ్ళు మండిపోయింది. మండిపోయి ఏం లాభం? మర్నాడు క్లాసులో పరమ ధర్మం డిక్టేట్ చేసింది.

పరీక్షలయ్యాయి, ఫలితాలొచ్చాయి. అచ్చన్నపేట కాలేజీలో అందరి పేర్ల ఎదురుగా మార్కులున్నాయి, ఒక్క మట్టపర్తి దేవిక పేరు ఎదురుగా తప్ప. అక్కడ ‘నిలుపుదల’ అని ఉంది.

దేవిక వెనక బెంచీలో కూర్చునే సన్నపాటి పిల్ల. మాట్లాడితే ఎవరైనా నొచ్చుకుంటారేమో అన్నట్టు ఆచితూచి మాట్లాడుతుంది. ఆ పిల్లకు కాకినాడలో నర్సింగ్ సీటు ఖాయమైంది. వచ్చే నెలాఖరులోగా మార్కుల పత్రం చూపించకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. స్టాఫ్ రూము గుమ్మం దగ్గర చేతులు నలుపుకుంటూ నిలబడింది.

"మేడమ్ గారండీ, నేనేం తప్పు రాశానండీ?"

వైజయంతి మండలికి ఫోన్ చేసి, గంటసేపు ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కు తిరిగి, చివరికి జవాబు పత్రం నకలు తెప్పించుకుంది. ప్రశ్న ‘నవల ప్రధానాంశమును సోదాహరణముగా వివరింపుము’. దేవిక ఇలా రాసింది:

"ఈ దావాలో ఎవరు గెలిచారో నాకు సరిగా గుర్తులేదు. అక్క మాత్రం గుర్తుంది. కోర్టు ఊళ్ళో ఉంటే ఫర్వాలేదు. ఇంట్లోకి వచ్చేస్తే కష్టం. మా ఇంట్లో అన్నం తింటుంటే బోనులో నిలబడి సాక్ష్యం చెబుతున్నట్టు ఉంటుంది. ఏ కూర బాగుందన్నా ఎవరో ఒకరికి వ్యతిరేకంగా చెప్పినట్టే."

పక్కన ఎర్ర సిరాతో ‘ఆమోదిత జాబితాలో లేని ఉపమానము. పరిశీలన పెండింగ్’ అని ఉంది.

వైజయంతి ఆ నాలుగు ముక్కలూ రెండుసార్లు చదివింది. ఇన్నేళ్ళలో ఆ నవలను ఇంతబాగా చదివిన పిల్ల ఇంకొకతి లేదు. "ఇది నిజమేనా అమ్మా?" అని అడిగింది.

దేవిక తలూపింది. "మా నాన్నగారికీ పెదనాన్నగారికీ ఇంటి కేసండి. నడవాలో గుమ్మానికి ఇటుకలు పెట్టి గోడ కట్టేశారండి. నువ్వు కట్టావంటే నువ్వు కట్టావని వాదన. పెద్దమ్మకు పిల్లల్లేరండి, నన్ను చిన్నప్పట్నుంచీ ఆవిడే పెంచింది. మధ్యాహ్నం అక్కడ తింటానండి, రాత్రి మా అమ్మ దగ్గర. ఇద్దరూ అడుగుతారండి, కూరెలా ఉందే అని. బాగుందంటే అవతల వాళ్ళకి తెలిసిపోద్దండి. బాలేదంటే ఇవతల వాళ్ళు ఏడుస్తారండి." ఆ పైన, "హాస్టల్లో అన్నం ఎలా ఉన్నా ఫర్వాలేదండి. ఎవరూ అడగరు కదండీ" అంది.

ఆ మాటకు వైజయంతి కళ్ళు చెమర్చాయి. వెంటనే కోపం కూడా వచ్చింది. ఆ రెండూ వెంటబెట్టుకునే మర్నాడు మండలి ఆఫీసుకు వెళ్ళింది.

త్రివిక్రమరావు గారు సావకాశంగా విన్నారు. "చూడండమ్మా, విద్యార్థిని సొంత ఉపమానాన్ని ప్రయోగించింది. ఇది ధోరణిగా మారితే ఏటా లక్షలాది ఉపమానాలు పుట్టుకొస్తాయి. ఎక్కడని పంచనామా చేస్తాం?"

బతిమాలితే పని జరగదని వైజయంతికి తెలుసు. సూదులు కొన్నప్పటి నుంచి వాళ్ళ భాష ఆవిడకూ పట్టుబడింది. "అయితే ఈ ఒక్కదాన్నీ క్షేత్రస్థాయిలో పరిశీలిద్దామండి. సదరు గృహంలో సంఘం స్వయంగా భోజనం చేసి, తగు నిర్ధారణకు రావచ్చు కదండీ" అంది.

భోజనం అన్న మాట దగ్గర చిదంబరం గారు తలెత్తారు. "గోదావరి జిల్లా భోజనమా?" అని అడిగారు. పరిశీలన తేదీ ఖరారైంది.

మట్టపర్తి వారిల్లు ఒకప్పుడు ఒకటే ఇల్లు. ఇప్పుడు నడవా మధ్యలో గుమ్మం ఉండాల్సిన చోట ఇటుకలు కనిపిస్తున్నాయి, సున్నం కూడా కొట్టలేదు. ఎడమ వైపు దేవిక తండ్రి సత్తిబాబు, తల్లి పార్వతి. కుడి వైపు పెదనాన్న వీర్రాజు, పెద్దమ్మ మాణిక్యం. కారు దిగిన అధికారులను చూసి రెండు వైపుల నుంచీ చెంబులతో నీళ్ళు వచ్చాయి.

"ఇలా రండి, ఇలా రండి! మా వైపే ముందు" అన్నాడు సత్తిబాబు.

"పెద్దవాణ్ణి నేనుండగా ముందూ వెనకా వాడు చెప్పేదేటండీ?" అన్నాడు వీర్రాజు.

రెండు వైపులా తినాలని చిదంబరం గారు తీర్పు చెప్పారు. సహజ న్యాయ సూత్రమట. ముందు ఎడమ వైపు కూర్చున్నారు. పార్వతి అరిటాకుల్లో గుత్తివంకాయ వడ్డించింది. దేవిక నెయ్యి గిన్నెతో గోడ వారగా నిలబడింది. ఆ పిల్ల ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"కూరెలా ఉందండి?" అంది పార్వతి. మెల్లిగానే అంది. కానీ గోడ అవతల గరిటె చప్పుడు ఆగిపోయింది.

"అద్భుతం!" అన్నారు త్రివిక్రమరావు గారు, అలవాటు కొద్దీ.

అవతల ఏదో గిన్నె కింద పడింది. గునపం కన్నా బాగా వినిపించింది. చిదంబరం గారు ఉలిక్కిపడి మంచినీళ్ళు తాగారు.

తరవాత కుడి వైపు. అక్కడ పనసపొట్టు కూర, ఆవపెట్టి. కడుపులో చోటు లేకపోయినా సంఘం విధి నిర్వహణలో వెనక్కి తగ్గలేదు. మాణిక్యం విసనకర్రతో విసురుతూ అడిగింది. "కూరెలా ఉందండి బాబూ?"

త్రివిక్రమరావు గారు ఈసారి జాగ్రత్తపడ్డారు. "ఇది కూడా చాలా బాగుందమ్మా."

విసనకర్ర ఆగింది. "కూడా ఏటండీ, కూడా? అంటే అక్కడ బాగుందనేగా?"

"అబ్బే, అలా కాదమ్మా... తులనాత్మకంగా చూసినట్టయితే..."

"ఇంతకీ వంకాయలో కారం ఎక్కువైందా లేదా? ఆ సంగతి చెప్పండి ముందు."

గోడ అవతల నుంచి పార్వతి గొంతు వచ్చింది. "మా కారం సంగతి మీకెందుకమ్మా? మీ పనసపొట్టులో ఆవ చేదెక్కిందో లేదో అడగండి!"

త్రివిక్రమరావు గారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆయన ఎటు చూస్తే అటు ఒక ముఖం ఎదురుచూస్తోంది. మజ్జిగ బాగుందంటే ఏమవుతుందో అని మజ్జిగ తాగలేదు. జీవితంలో మొదటిసారి ఆయనకు ఏం రాయాలో తోచలేదు. తోచనప్పుడు ఆయన చేసే పని ఒక్కటే. "పంచనామా రాయండి" అన్నారు.

స్థల పరిశీలన లేకుండా పంచనామా ఉండదు కాబట్టి ఇంటి కొలతలు రాశారు. గోడ సంగతి రాశారు. "నడవా యందలి గుమ్మము ఇటుకలతో మూయబడి యున్నది. ఇటుకలు కొత్తవి. మేము స్వయముగా చూచితిమి." త్రివిక్రమరావు గారు కలం మూత తీసి, గాల్లో ఒక్క క్షణం ఆపి, సంతకం పెట్టారు. సత్తిబాబు, వీర్రాజు గోడకు చెరో వైపు నిలబడి ఆ సంతకాన్ని కళ్ళార్పకుండా చూశారు. వైజయంతి వాళ్ళిద్దరి చూపులూ గమనించింది కానీ, అధికారుల పనికి అడ్డు వెళ్ళడం మర్యాద కాదని ఊరుకుంది.

అన్నదమ్ములు ఎన్నేళ్ళ తరవాతో ఒకే పని చేశారు. సమాచార హక్కు కింద చెరొక దరఖాస్తు పెట్టి, పంచనామా నకళ్ళు తెచ్చుకుని కోర్టులో దాఖలు చేశారు. గోడ కొత్తదని ప్రభుత్వాధికారే రాశాడు కదా, ఇక కట్టింది అవతలివాడేనని ఇద్దరి వాదనా. ఇద్దరి తరఫునా సాక్షిగా త్రివిక్రమరావు గారికి సమన్లు వెళ్ళాయి.

మండలి ఆఫీసులో అలజడి పుట్టింది. చిదంబరం గారు ఫైలు మీద ఒకే ఒక్క వాక్యం రాశారు. "విషయము న్యాయస్థాన పరిధిలో ఉన్నందున ఉపమాన నిర్ధారణ వాయిదా వేయడమైనది." అంటే దేవిక ఫలితం కూడా వాయిదానే. గడువుకు ఇంకా పది రోజులు కూడా లేవు. దేవిక ఫోన్ చేసి, "పోన్లెండి మేడమ్ గారండీ, ఇక్కడే ఉంటాను" అంది. అడిగితే ఏడ్చేదే కాబట్టి వైజయంతి ఇంకేమీ అడగలేదు. కోర్టు వాయిదా రోజున సెలవు పెట్టి వెళ్ళి హాల్లో వెనక బెంచీ మీద కూర్చుంది. అదే హాలు. అవే ఫ్యాన్లు.

కేసు పిలిచారు. సాక్షి రాలేదు. రెండోసారి పిలిచారు. మూడోసారి పిలిచాక త్రివిక్రమరావు గారు రొప్పుతూ లోపలికొచ్చారు. దారిలో రైల్వే గేటు పడిందట. జడ్జి గారు కళ్ళద్దాల పైనుంచి చూశారు.

"వాయిదాకు వేళకు రావాలని తెలియదా మీకు?"

"తెలుసండి. ఆ వాక్యం... నేనే రాశానండి" అన్నారాయన, తల దించుకుని.

బోనెక్కారు. ప్రమాణం చేశారు. వీర్రాజు తరఫు వకీలు మొదలుపెట్టాడు. "మీరు మా ప్రతివాది ఇంట్లో గుత్తివంకాయ తిన్నమాట వాస్తవమేనా?"

"తిన్నానండి."

"అద్భుతం అన్నారా?"

"అన్నానండి."

"అంటే వాళ్ళ పట్ల మీకు మొగ్గు ఉందన్నమాట."

సత్తిబాబు తరఫు వకీలు లేచాడు. "పనసపొట్టు కూడా తిన్నారు కదా? రెండుసార్లు వడ్డించుకున్నారు కదా? ఇంతకీ ఏది బాగుంది? సూటిగా చెప్పండి."

త్రివిక్రమరావు గారు కుడి వైపు చూశారు. వీర్రాజు, మాణిక్యం కనబడ్డారు. ఎడమ వైపు చూశారు. సత్తిబాబు, పార్వతి కనబడ్డారు. నలుగురూ ఆయన నోటి వంకే చూస్తున్నారు. ఆయన అలవాటు కొద్దీ జేబులోంచి కలం తీసి, మూత విప్పి, మళ్ళీ పెట్టేశారు. రెండు చేతులతో బోను కర్రను పట్టుకున్నారు.

"సాక్షి జవాబు చెప్పాలి" అన్నారు జడ్జి గారు.

"ఏం చెప్పమంటారండీ?" అన్నారు త్రివిక్రమరావు గారు. ఆ గొంతులో మండలి లేదు, సెక్షన్లు లేవు. "ఏది చెప్పినా ఇంకొకరికి వ్యతిరేకంగా చెప్పినట్టేనండి. ఈ బోనులో నిలబడితే... ఆ ఇంట్లో అన్నం తింటున్నట్టే ఉందండి. నేను ఒక్కపూట తిన్నాను. ఆ పిల్ల రోజూ తింటోంది."

వకీలు గబుక్కున లేచాడు. "అభ్యంతరం! సాక్షి ఉపమానం వాడుతున్నారు. వాస్తవం చెప్పమనండి."

"ఇది వాస్తవమేనండి" అన్నారు త్రివిక్రమరావు గారు.

జడ్జి గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. తరవాత టైపిస్టు వైపు తిరిగి, "సాక్షి చెప్పింది చెప్పినట్టు కొట్టండి" అన్నారు.

మాణిక్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పార్వతి తల వంచుకుంది. అన్నదమ్ములిద్దరూ ఒకే నేలను చూస్తూ నిలబడిపోయారు. వైజయంతి రుమాలు కోసం సంచిలో చెయ్యి పెట్టింది. అడుగున ఎప్పటి నుంచో పడి ఉన్న పొట్లం చినిగి ఒక సూది జారి కిందపడింది. పైన ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. అయినా ఆ చప్పుడు హాల్లో అందరికీ వినిపించింది. పంచనామా రాయడానికి ఎవరూ లేవలేదు.

ఆ సాయంత్రమే వైజయంతి వాంగ్మూలం ధ్రువీకృత నకలుకు దరఖాస్తు పెట్టింది. దాన్ని జతచేసి, మండలికి వాళ్ళ భాషలోనే రాసింది: "సదరు ఉపమానము న్యాయస్థానమునందు ప్రమాణపూర్వకముగా, తమరి చేతనే ధ్రువీకరింపబడినది. తగు చర్య నిమిత్తం." చిదంబరం గారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారట. కోర్టు రికార్డును కాదంటే ధిక్కారమవుతుంది. త్రివిక్రమరావు గారు ఈసారి కలాన్ని గాల్లో ఆపకుండా సంతకం పెట్టేశారు. ఫలితం విడుదలైంది. గడువు చివరి రోజున దేవిక కాకినాడ బస్సెక్కింది.

కేసు మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. నడవాలో ఇటుకలు కూడా అలాగే ఉన్నాయి. కాకపోతే పిల్లను బస్సెక్కించడానికి ఇద్దరు తల్లులూ వచ్చారు, చెరొక ఊరగాయ జాడీతో. ఏది ముందు విప్పాలో మాత్రం ఇద్దరూ చెప్పలేదు.

నెల తరవాత ఒక ఆదివారం దేవిక వైజయంతికి ఫోన్ చేసింది. చదువు ఎలా ఉంది, రూములో ఎంతమంది ఉన్నారు అని మాట్లాడుకున్నాక, ఎవరైనా అడిగే మాటే వైజయంతి నోటికి వచ్చేసింది. "భోజనం ఎలా ఉంటోందే?" అని అడిగేసి, వెంటనే నాలిక కరుచుకుంది.

అవతల దేవిక పకపకా నవ్వింది. ఆ పిల్ల అలా నవ్వగలదని వైజయంతికి అప్పటిదాకా తెలియదు.

"బాలేదండి మేడమ్ గారండీ!" అంది దేవిక, గొంతెత్తి, వార్డెన్‌కు వినబడేలా. "అస్సలు బాలేదండి!"